బెంగ కోసం కట్టిన కొండ

వంతాల సుక్రుకి బెంగ లేదు. వాడు చేసిన నేరం అదొక్కటే.

దొంగతనం చేసినవాడికి జామీను దొరుకుతుంది. నోరు జారినవాడు క్షమాపణ చెప్పుకుని బయటపడతాడు. బెంగ లేనివాణ్ణి మాత్రం రాష్ట్ర వృత్తి క్రీడల ప్రోత్సాహక మండలిలో బ్రహ్మదేవుడు కూడా కాపాడలేడు. ఆ మండలిలో గిరిజన క్రీడాకారుల సర్దుబాటు విభాగమని ఒకటుంది. కొండల మీంచి దిగొచ్చిన పిల్లలు పట్నంలో, జీతానికి ఆడే ఆటలో సర్దుకోవడానికి సాయం చెయ్యడం దాని పని. మంచి పనే, కాదనేవాడెవడు? మంచి పనికి ఒక డైరెక్టరు కావాలి కదా, వచ్చారు. ఆయనకో కారు, ఓ చల్లటి గది కావాలి కదా, అవీ వచ్చాయి. ఇక రావలసింది పిల్లలకి బెంగ.

దీని వెనక ఓ సంగతుంది. కిందటేడు ఒక సవర కుర్రాడు కబడ్డీ జట్టులోంచి చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. సీజనంతా బెంచీ మీద కూర్చోబెట్టి మిగతావాళ్ళకి నీళ్ళసీసాలు అందించే పని చెప్తే విసిగిపోయాడన్న సంగతి స్టేడియం ఎదుటి టీకొట్టువాడికి కూడా తెలుసు. విభాగానికి తెలియలేదు. డైరెక్టర్ విద్యాధరరావుగారు స్వయంగా విచారణ జరిపి, కారణం ఇంటి బెంగ అని తేల్చారు. తేల్చి ఊరుకున్నారా? నిబంధన రాశారు. ఇకమీదట ఏ గిరిజన క్రీడాకారుడైనా సరే, అతని బెంగ బయటపడి, దానికి చికిత్స జరిగి, అది పూర్తిగా నయమైందని విభాగం ధ్రువీకరించేవరకూ బరిలోకి దిగరాదు.

ఆ నిబంధనలోకి నేరుగా నడిచొచ్చినవాడు సుక్రు.

వాడిది పాడేరు పైన, బస్సు దిగాక కూడా చాలా దూరం నడిస్తే వచ్చే జీలుగుమ్మి. కబడ్డీలో కూతకి వెళ్ళాడంటే అవతలివాళ్ళు పట్టుకున్నామనే అనుకుంటారు, చూస్తే చేతిలో గాలి ఉంటుంది. పాడేరు పోటీల్లో వాడి ఆట చూసి విశాఖ క్లబ్బు కోచ్ అప్పలసూరి అక్కడికక్కడే రమ్మన్నాడు. వాడు బయలుదేరింది ఇటుకల పండగ రోజుల్లో. ఆ పండగకి ఊళ్ళో మగవాళ్ళంతా వేటకి పోతారు. ఈ రోజుల్లో అడవిలో కుందేలు కనబడటమే గొప్ప, వేట పేరుకే మిగిలింది. అయినా ఆచారం ఆచారమే. వట్టిచేతుల్తో తిరిగొచ్చినవాడికి ఊరి పొలిమేరలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో ఎదురొచ్చి తలంటుతారు. ఊరిపెద్దయినా ఒకటే, మొగుడైనా ఒకటే.

సుక్రు వేటకి పోకుండా సంచీ భుజాన వేసుకుంటుంటే వదిన దొయిమతి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఒరే మరిదీ, ఈయేడు నీ యేట ఇశాపట్నంలో ఉన్నాది. ఎల్లు. ఒక్క ఆటైనా ఆడి గెలుసుకుని రా, టీవీలో నీ మొగం సూత్తాం. వట్టి సేతుల్తో వచ్చినావంటే మటుకు, నా కుండ తెలుసు కదా?"

"తెలుసు వొదినా."

ఎందుకు తెలీదు? కిందటి పండక్కి ఆ కుండ కిందకి వచ్చినవాడు వాళ్ళన్నే.

విశాఖలో సుక్రుకి అన్నీ నచ్చాయి. ఫ్యాను నచ్చింది. మంచం నచ్చింది. రోజూ కోడిగుడ్డు, ఆదివారం బిరియానీ మరీ నచ్చాయి. సముద్రాన్ని చూసి "ఓలమ్మో, ఇన్ని నీళ్ళేటి" అనుకుని నవ్వుకున్నాడు. కష్టమల్లా ఒకటే, జోళ్ళు. ఊళ్ళో కబడ్డీ మట్టి మీద, వట్టికాళ్ళతో. ఇక్కడ మ్యాటు మీద, బూట్లతో. కొండలెక్కిన పాదాలకి వేళ్ళు విచ్చుకుని ఉంటాయి, క్లబ్బు ఇచ్చిన బూట్లేమో సన్నంగా ఉన్నాయి. గిరుక్కున తిరగబోతే చిటికెనవేలు నలిగి ప్రాణం పోతోంది. వెడల్పు బూట్లు ఇప్పించమని కోచ్‌ని అడిగాడు.

"అది సర్దుబాటు సబ్జెట్టు రా. ఆళ్ళనడుగు" అన్నాడు అప్పలసూరి.

వాడు వెళ్ళి అడిగాడు. అక్కడే కొంప మునిగింది.

విభాగంలో డైరెక్టరుగారి పక్కన హర్షితగారని కౌన్సెలరు ఉంటారు. మాట తేనెలో ముంచి తీసినట్టుంటుంది. వాడికి కుర్చీ వేసి, తల ఓ పక్కకి వాల్చి అడిగారు.

"ఏం కావాలి నాన్నా?"

"జోళ్ళండి. యెడల్పుయి."

హర్షితగారు డైరెక్టరుగారి వైపు అర్థవంతంగా చూశారు.

"పాదం బిగిసినట్టుంటోందా? అంటే ఊళ్ళో నేల గుర్తొస్తోందన్నమాట."

"నేదండి. ఏలు గుర్తొత్తంది. సిటికినేలు."

"ఇంటి మీద బెంగగా ఉందా?"

"నేదండి."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"పడతందండి. ఫేను బాగున్నాది."

"అన్నం సయిస్తోందా?"

"బిరియానీ రెండోపాలి అడిగితే ఎయ్యరండి. అదొక్కటే బాద."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన పెద్ద మాట ఏదన్నా చెప్పే ముందు అలా చేస్తారు.

"గమనించారా హర్షితగారూ? సదరు క్రీడాకారుడు తనకు బెంగ లేదంటున్నాడు. అనగా బెంగ ఉన్నది, కానీ ఉన్న సంగతి అతనికి అవగతం కాలేదు. ఇది బహిర్గత బెంగ కంటే ప్రమాదకరం. దీన్ని గుప్త బెంగ అనాలి."

"చాలా లోతుగా ఉంది సార్. పాపం, నవ్వుతున్నాడు కూడా."

"బయటికి రానిదాన్ని నయం చెయ్యలేము. నయం కానివాణ్ణి ఆడించలేము. కావున ముందు ఇతనికి బెంగ తెప్పించవలసి ఉన్నది. విభాగం ప్రథమ కర్తవ్యం ఇదే."

"మరి జోళ్ళండి?" అన్నాడు సుక్రు.

"జోళ్ళు తదుపరి దశ బాబూ" అన్నారు డైరెక్టరుగారు, ఎంతో దయగా.

ఆ పూట నుంచి వాడి కోడిగుడ్డూ, ఆదివారం బిరియానీ ఆగిపోయాయి. వాటి బదులు చోడి అంబలి, అంటే రాగిజావ, పోశారు. పుట్టి పెరిగిందంతా ఆ అంబలితోనే కదా, రోజుకో కోడిగుడ్డు దొరికిందని సంబరపడ్డవాడి నోట్లో మట్టి కొట్టారు. ఆ అంబలైనా అంబలిలా ఉందా? పెద్ద హోటలు వంటవాడి చేత జీడిపప్పులు వేయించి కాయించారు. కొండ మీద ఫ్యాన్లుండవు గనక ఫ్యాను విప్పుకుపోయారు. మంచం తీసేసి చాప వేశారు. గోడకి స్పీకరు బిగించి తెల్లారగట్ల కోడికూత వేశారు. కాలేజీ ఆడపిల్లల్ని నెత్తిన ఈకలతో పిలిపించి, వాడి ఎదుట థింసా ఆడించారు. జీలుగుమ్మిలో ఈకలు పెట్టుకు తిరిగేది కోళ్ళు మాత్రమేనని చెప్పడానికి సుక్రుకి మొహమాటమేసింది.

అన్నిటికన్నా ఘోరం, ఉన్న బూట్లు కూడా లాక్కున్నారు. పాదరక్షలు సాంస్కృతిక ఒత్తిడికి దారితీస్తాయట. బూట్లు లేనివాణ్ణి మ్యాటెక్కనివ్వకూడదని క్లబ్బు నియమం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఇదే. సుక్రు మ్యాటు పక్కన వట్టికాళ్ళతో నిలబడి, మిగతావాళ్ళు ఆడుతుంటే చూసేవాడు. కూత వినబడినప్పుడల్లా వాడి కాళ్ళు నేలని గీరేవి.

సీజను దగ్గరపడింది. అప్పలసూరి జట్టులో నమ్ముకున్న రైడరు మోకాలు తిరిగి మంచానపడ్డాడు. కోచ్ తల ప్రాణం తోకకొచ్చి, సుక్రు దగ్గరికి వచ్చాడు.

"ఒరే, నీకు బెంగ రావడానికేట్రా రోగం? ఊరందరికీ వస్తాది, నీకేటి అడ్డం?"

"రానేదు సారూ. నానేటి సేయను? మీరే ఆ బాబుగోరికి సెప్పరాదా?"

"నేనా?" అప్పలసూరి ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకింకా సర్వీసుంది రా బాబూ. ఓ పని సెయ్యి. ఒక్కపాలి ఏడిసీ. ఉల్లిపాయ నేను తెస్తాను."

మనిషి చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఉల్లిపాయ మాత్రం తెచ్చాడు. మర్నాడు సుక్రు హర్షితగారి ఎదుట కళ్ళమ్మట ధారలు కట్టేలా ఏడిచాడు. ఆవిడ మురిసిపోయి డైరెక్టరుగారిని కేకేశారు.

"ఏడు నాన్నా, ఏడు. దేని మీద బెంగ? ఏం గుర్తొచ్చింది?"

ఈ ప్రశ్నకి ఉల్లిపాయ దగ్గర జవాబు లేదు. సుక్రు గబగబా ఆలోచించాడు. వదినంటే వదినని తెస్తారు. మేకపిల్లంటే మేకపిల్లని తెచ్చి పక్కలో పడుకోబెడతారు. ఎవడూ తేలేనిదేదో చెప్తే పీడా వదిలి, ఆడుకోమంటారు.

"కొండండి" అన్నాడు. అని, తన తెలివికి తనే లోపల మెచ్చుకున్నాడు.

పాపం, వెర్రిబాగులవాడు. విభాగం సత్తా వాడికింకా పూర్తిగా తెలియదు.

వారం తిరిగేసరికి కొండ మంజూరైంది. అంత ఎత్తు పట్టే కప్పున్న చోటు నగరంలో ఒక్కటే, జట్టు సాధన చేసే ఇండోర్ స్టేడియం. మ్యాట్లు చుట్టి గోదాములో పడేశారు. మట్టి దగ్గర్లో ఎక్కణ్ణుంచైనా తోలిస్తానన్నాడు ఇంజనీరు. డైరెక్టరుగారు బల్ల గుద్దారు.

"నకిలీ మట్టితో నిజమైన బెంగ తీరుతుందా? మట్టి జీలుగుమ్మిదే కావాలి. రాయీ రప్పా కూడా అక్కడివే. ప్రామాణికత విషయంలో రాజీ లేదు!"

లారీలు వరసకట్టాయి. కొండని తవ్వి ఎలకని పట్టినవాళ్ళ గురించి మనం వింటూనే ఉన్నాం. ఒక కొండని తవ్వి, ఘాటీ రోడ్డు దింపి, ఇంకో కొండ పోసి, దాని మీద మనిషి ఏడుస్తాడేమోనని ఎదురుచూసినవాళ్ళు వీళ్ళే. జట్టు ఒక కల్యాణమండపంలో సాధనకి పోయింది. అక్కడ పెళ్ళివారొచ్చినప్పుడల్లా కూతని సగంలో ఆపి, కుర్చీలు సర్ది బయటికి రావాలి. సీజను మొదలైంది. మొదటి ఆట ఓడారు, రెండోదీ ఓడారు. ఇవతల కొండ మాత్రం చక్కగా లేచింది.

ప్రారంభోత్సవానికి పెద్దలొచ్చారు, విలేఖరులొచ్చారు. "ఇటువంటి ఇండోర్ కొండ మరెక్కడా లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను" అన్నారు డైరెక్టరుగారు. సుక్రుకి గోచీ పెట్టి, చేతికి విల్లిచ్చి ఎక్కమన్నారు. ఊళ్ళో జీన్సు ప్యాంటు తప్ప తొడగని కుర్రాడు ఆ గోచీతో అంతమంది ముందు సిగ్గుతో చచ్చిపోయాడు. తల దించుకుని ఎక్కాడు. తల దించుకున్నాడు గనకే కాళ్ళ దగ్గరున్న బండని చూశాడు.

చపటా బండ. దాని అంచున లోతుగా ఓ గాడి. వాళ్ళన్న ఏళ్ళ తరబడి గొడ్డలి నూరుకోగా పడ్డ గాడి. ఆ బండ మీదే దొయిమతి చోళ్ళు ఆరబోసేది. అది వాళ్ళ చేను గట్టున ఉండాలి. ఇక్కడ, ట్యూబులైట్ల కింద ఉంది. వాడు వంగి పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. తను కొండ అన్నాడు, వీళ్ళు తన కొండనే తవ్వుకొచ్చారు. విల్లు జారిపోయింది. బండ మీద కూలబడి, ఉల్లిపాయ లేకుండా, వెక్కి వెక్కి ఏడిచాడు.

"వచ్చింది సార్!" హర్షితగారు చప్పట్లు కొట్టారు. "అసలైన బెంగ!"

హాలంతా చప్పట్లు. విద్యాధరరావుగారి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళ కృషి ఫలించింది.

మర్నాడు పొద్దున్నే సుక్రు ఆయన గది ముందు నిలబడ్డాడు.

"బాబుగోరూ, మీరన్న బెంగ వచ్చీసింది కదండీ. ఇంకైనా ఆడనీండి. ఆటలు అయిపోతన్నాయి."

"తొందర వద్దు బాబూ. బెంగ రావడం వేరు, తీరడం వేరు. దేని మీద బెంగో దాని సన్నిధిలో ఉంటేనే అది చల్లారుతుంది. నువ్వు రోజూ కొండ మీద కూర్చో. తగ్గినట్టు మాకు కనిపించగానే నిన్ను బరిలోకి పంపిస్తాం."

వాడు కూర్చున్నాడు. తగ్గుతుందా? పుండు మీద కారం చల్లి మానలేదేమని అడిగినట్టుంది. ఒక రోజు మట్టిలో విరిగిన కుండపెంకు కనిపించేది, ఇంకో రోజు జీలుగుచెట్టు వేరు. ఏడుపొచ్చేది. ఏడిస్తే బెంగ తగ్గలేదనేవారు. ఏడుపు దిగమింగితే గుప్త బెంగ తిరగబెట్టిందనేవారు. ఆడాలన్న కోరిక మాత్రం రోజురోజుకీ పెరిగింది.

ఆఖరి మ్యాచి సుక్రు వాచ్‌మన్ సెల్‌ఫోనులో చూశాడు, కొండ మీద కూర్చునే. చివరి కూతకి వెళ్ళిన రైడరు రెండడుగులు వేసీ వెయ్యకుండానే దొరికిపోయాడు. "ఎడమకి తిరగరా!" అని సుక్రు ఇక్కణ్ణుంచి అరిచాడు. వాడి కాళ్ళు వాటంతటవే తిరిగాయి, మట్టి జారింది. ఊళ్ళో టీవీ ముందు దొయిమతి తన మొహం కోసం వెతుకుతూ ఉంటుందని తలుచుకుంటే సిగ్గేసింది.

జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. సీజను ముగిసిన మర్నాడే సుక్రు బెంగ పూర్తిగా నయమైందని విభాగం ధ్రువీకరించింది. గిరిజన యువతని క్రీడారంగంలో సర్దుబాటు చేసినందుకు విద్యాధరరావుగారికి ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. ఇంత విజయాన్ని జీలుగుమ్మి ప్రజలతో పంచుకోకపోతే ఎలా? కుర్రాణ్ణి స్వయంగా ఊరికి తీసుకెళ్ళి, శాలువా కప్పి, అప్పగించి రావాలని నిర్ణయించారు. విలేఖరుల్ని ఎక్కించుకున్నారు. జట్టు తరఫున ఉండాలి కనక అప్పలసూరినీ రమ్మన్నారు. అతను తన మోటారుసైకిల్ మీద వెనకాల వచ్చాడు.

ఆఖరి మలుపు తిరగ్గానే సుక్రు కారు అద్దంలోంచి చూశాడు. కొండకి ఒక పక్క లేదు. ఎర్రగా, కోసినట్టు ఉంది. వాళ్ళ చేను ఉండవలసిన చోట గొయ్యి, గోతిలో వాననీళ్ళు.

వస్తున్నామని విభాగం ముందే కబురు పంపింది కనక పొలిమేరలో ఆడవాళ్ళు బారులు తీరి నిలబడ్డారు. చంకన కుండలు.

"చూశారా!" డైరెక్టరుగారు విలేఖరుల వైపు తిరిగారు. "ఇదీ గిరిజనుల సంస్కారం. పూర్ణకుంభ స్వాగతం!"

సుక్రుకి ఆ కుండల్లో ఏముందో తెలుసు. కారు దిగి, వదిన ముందుకెళ్ళి, తల వంచుకున్నాడు.

"ఏటి తెచ్చినావు మరిదీ?"

"ఏటీ నేదు వొదినా."

"ఎన్నాటలాడినావు?"

"ఒక్కటీ ఆడనీనేదు."

"ఎవులు?"

వాడు చెప్పేలోపే డైరెక్టరుగారు నమస్కారం పెడుతూ ముందుకొచ్చారు. "అమ్మా, మేమే. మీవాడి శ్రేయస్సు కోసం మీ కొండనే పట్నానికి తరలించి..."

"ఓహో! మా సేను మోసుకెల్లినోడివి నువ్వేనా?"

కుండ బోర్లపడింది. చిక్కటి పేడనీళ్ళు, ఆ పొద్దున కలిపినవి. డైరెక్టరుగారి జుట్టు మీంచి కళ్ళజోడు మీదికి, కళ్ళజోడు మీంచి పట్టు లాల్చీ మీదికి దిగాయి. ఆయన మొహం ఎర్రబడింది, ఏదో అనబోయారు. హర్షితగారు చెవి దగ్గరికి వంగారు.

"సార్, గోమయం పవిత్రం కదా. ఇది వీళ్ళ అత్యున్నత సత్కారం అయ్యుంటుంది."

డైరెక్టరుగారి మొహం మెల్లగా విచ్చుకుంది. "ఫోటో వచ్చిందా?" అని విలేఖరుల్ని అడిగారు.

"మిస్సయింది సార్."

"అమ్మా, దయచేసి మరొక్కసారి."

జీలుగుమ్మి పుట్టిన నాటి నుంచీ ఇంకోసారి పొయ్యమని అడిగిన మగాడు లేడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత ఏ లోటూ రానివ్వలేదు. డైరెక్టరుగారికి రెండోసారి, మూడోసారి పోశారు. హర్షితగారిని వదల్లేదు. వెనక నక్కిన అప్పలసూరిని చెయ్యి పట్టి లాక్కొచ్చి మరీ పోశారు. ముక్కుపుటాల్లోంచి పేడ చీదుకుంటూ విద్యాధరరావుగారు ప్రకటించారు: ఇకపై ప్రతి ఏటా విభాగం వార్షికోత్సవంలో పెద్దలందరికీ ఇదే గోమయ కుంభాభిషేకం జరుగుతుంది.

దొయిమతి సుక్రు వైపు తిరిగింది. చేతిలో నిండుకుండ ఉంది.

"నీకూ ఉన్నాది."

"నానేటి సేసినాను వొదినా?"

"కొండ కావాలన్నది ఎవులు? లారీవోలు సెప్పనేదనుకున్నావా, మీవోడే అడిగినాడని?"

వాడు తల ఇంకాస్త వంచుకున్నాడు.

"ఆలంటే తెలివి తక్కువోలు. నీకేటొచ్చింది? పదిమంది మీదపడినా గీత దాటి వచ్చీవోడివి, ఆ ఇద్దర్ని తప్పించుకు రానేకపోయినావా? కూకోమంటే కూకున్నావు, పొదిగీ పెట్ట లాగ!"

పోసింది. నీళ్ళు చల్లగా వీపు మీద దిగాయి. సుక్రుకి సిగ్గుతో పాటు కోపం వచ్చింది. డైరెక్టరు మీద, హర్షిత మీద, ఉల్లిపాయ మీద, అన్నిటికన్నా తన మీద. వదిన అన్నదాంట్లో అబద్ధం లేదు. కళ్ళు తుడుచుకుని చూస్తే పక్కన అప్పలసూరి, నిలువునా పేడతో.

"ఒరే, రేపు బొబ్బిల్లో పోటీలున్నాయి రా. పెద్ద క్లబ్బులోళ్ళు మనుసుల్ని ఏరుకోడానికొస్తారు. నా బండి అక్కడుంది. వస్తావా?"

"మరి మీ సర్వీసో?"

"ఇంత పేడ పడ్డాక ఇంకేటి సర్వీసు రా!"

"జోళ్ళు నేవు సారూ."

"మట్టి మీదే ఆట. నీ కాళ్ళు సాలు."

సుక్రు వదిన వైపు చూశాడు. ఆవిడ కుండ కింద పెట్టి, కొంగుతో వాడి మొహం గట్టిగా తుడిచి, "ఎల్లు" అంది. "మళ్ళీ వట్టి సేతుల్తో వచ్చినావంటే..."

"తెలుసు" అని వాడు పరిగెత్తాడు.

తరవాతి సంగతులు వాడికి మర్నాడు సాయంత్రం ఫోనులో దొయిమతి చెప్తేనే తెలిశాయి. చెప్పలేక చెప్పలేక, నవ్వుకి ఆగి ఆగి చెప్పింది. శాలువా కప్పబోతే కుర్రాడు లేడు. పారిపోయాడు సార్ అన్నారు హర్షితగారు. "ఎక్కడికి?" అన్నారు డైరెక్టరుగారు అయోమయంగా. "బెంగ ఉన్నవాడు ఇంటికి పారిపోవాలి గాని, ఇంటి నుంచి పారిపోవడమేమిటి? మార్గదర్శకాల్లో ఇది లేదే!" కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇది కొత్త వ్యాధి అన్నారు. పేరు ఆటబెంగ అన్నారు. దేని మీద బెంగైతే దాన్ని సమకూర్చడం విభాగం విధానం కనక, జీలుగుమ్మిలోనే ఒక స్టేడియం కట్టాలన్నారు. స్థలం కావాలి కదా, ఆ మిగిలిన కొండని చదును చేస్తే సరిపోతుందన్నారు.

"నాను ఎనక్కి తిరిగి, 'ఓలమ్మో, ఇంకా పేడున్నాదేటి' అని కేకేసినాను" అంది దొయిమతి. "పసులసాలంతా ఉన్నాదన్నారు. అయితే కలపండి, బాబుగోరికి మరేద సరిపోనేదు అన్నాను. అది ఇనేసి ఆయనేటి సేసినాడో తెలుసా? దండం పెట్టుకుని, తల వొంచి నిలబడ్డాడు!"

సుక్రు బొబ్బిలి మైదానం గట్టు మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. ఒళ్ళంతా మట్టి, మోచెయ్యి దోక్కుపోయి మండుతోంది.

"నీ సంగతి సెప్పు. ఆడినావా?"

"ఆడినాను వొదినా. గెలిసినాం. ఒక క్లబ్బోలు వచ్చీమన్నారు."

"ఆలు కూడా బెంగుందా అని అడిగినారా?"

"నేదు" అన్నాడు సుక్రు. "కాలు కొలిసినారు."